ప్రభుత్వం మారితే పరాయి గడ్డ మీద యుద్ధం ఆగుతుందా? 1989లో శ్రీలంకలోని వవునియా నుంచి నేను చూసింది

మీరు అడిగింది రెండు ముక్కల్లో ఇది: ఒక దేశ సైన్యం పరాయి దేశంలో పోరాడుతుండగా సొంత దేశంలో నాయకుడు మారితే ఆ యుద్ధం ఏమవుతుంది? సైన్యాన్ని వెనక్కి రప్పిస్తామని చెప్పి వచ్చినవాళ్లు కూడా ఎందుకు అంత ఆలస్యం చేస్తారు?

ఇదే ప్రశ్న 1989 డిసెంబరులో మా నాన్న నన్ను అడిగారు. ఇన్‌లాండ్ లెటరులో అమ్మ ఆరోగ్యం గురించి రెండు ముక్కలు రాసి, ఆ కింద, "రాజీవ్ గాంధీ దిగిపోయారు, వి.పి. సింగ్ వచ్చారు. ఇంక మిమ్మల్ని పంపేస్తారట కదా. సంక్రాంతికి వస్తావా?" అని రాశారు. ఆ ఉత్తరం చేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. జవాబు ఒక్క వాక్యంలో రాయడం నా వల్ల కాలేదు. ఇప్పుడు మీకు రాస్తున్నది అప్పుడు ఆయనకు రాయలేకపోయిన జవాబే.

నేను సైన్యంలో సందేశాలు చేరవేసే సిగ్నల్స్ విభాగంలో వైర్‌లెస్ ఆపరేటర్‌ని. భారత శాంతి పరిరక్షక దళంతో 1988 మొదట్లో శ్రీలంక వెళ్లాను. అక్కడున్న రెండేళ్లలో ఎక్కువ కాలం వవునియాలో ఒక బ్రిగేడ్ సిగ్నల్ కంపెనీలో పనిచేశాను. యుద్ధం గురించి నిర్ణయాలు చేసేవాడిని కాను, కానీ ఆ నిర్ణయాలు చెవిన పడే చోట కూర్చున్నవాడిని. పొద్దునా సాయంత్రం ప్రతి పోస్టు నుంచీ పరిస్థితి నివేదిక వచ్చేది, మేము దాన్ని సిట్‌రెప్ అనేవాళ్లం. ఢిల్లీలోనో కొలంబోలోనో ఎవరో ఒక ప్రకటన చేశారని రేడియో వార్తల్లో వినేవాణ్ణి. రెండు మూడు రోజుల్లో దాని ప్రభావం హెడ్‌ఫోన్లలో వినిపించేది.

నాకు అర్థమైనది ముందే చెప్పేస్తాను. నాయకుడు మారగానే మొదట మారేవి ఎదుటి పక్షం లెక్కలు, సైన్యం ఎవరి గడ్డ మీద ఉందో ఆ ప్రభుత్వం లెక్కలు, సైన్యాన్ని నమ్ముకున్న స్థానికుల లెక్కలు. జవానుకు అందే ఆదేశం చాలా ఆలస్యంగా మారుతుంది. ఈ రెంటికీ నడుమ ఉండే నెలలే అన్నిటికన్నా ప్రమాదకరమైనవి. ఇంకొకటి: మన రాజధానిలో నాయకుడు మారడం కన్నా, మనం పోరాడుతున్న దేశపు రాజధానిలో నాయకుడు మారడం యుద్ధాన్ని ఎక్కువగా మార్చవచ్చు. మా విషయంలో అదే జరిగింది. మా నాన్న డిసెంబరు 2న ఢిల్లీలో జరిగిన ప్రమాణ స్వీకారాన్ని చూసి ఉత్తరం రాశారు. మా తలరాత అంతకు పదకొండు నెలల ముందే కొలంబోలో మారిపోయింది.

కొంచెం వెనక్కి వెళ్లాలి. 1987 జులై 29న కొలంబోలో ఒప్పందం మీద సంతకాలు చేసినవారు రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జె.ఆర్. జయవర్ధనే. తమిళులు ఎక్కువగా ఉన్న ఉత్తర, తూర్పు ప్రాంతాలను తాత్కాలికంగా ఒక్క రాష్ట్రంగా కలిపి అధికారాలు ఇస్తారు, తమిళ సాయుధ సంస్థలు ఆయుధాలు అప్పగిస్తాయి, అది జరిగేలా భారత్ పూచీ పడుతుంది. స్థూలంగా అదీ ఒప్పందం. సికింద్రాబాద్ కేంద్రంగా ఉండే 54వ డివిజన్ మర్నాటి నుంచే జాఫ్నా దగ్గర పలాలి విమానాశ్రయంలో దిగడం మొదలైంది. ఆ సంస్థల్లో బలమైనది, ప్రత్యేక తమిళ దేశం కోసం పోరాడుతున్నది ఎల్‌టీటీఈ. అది కొన్ని ఆయుధాలు నామమాత్రంగా అప్పగించింది. అక్టోబరు వచ్చేసరికి శాంతిని కాపాడడానికి వెళ్లిన సైన్యం ఎల్‌టీటీఈతో యుద్ధంలో ఉంది. జాఫ్నా విశ్వవిద్యాలయం ఆవరణలో రాత్రిపూట హెలికాప్టర్ల నుంచి దిగిన సిఖ్ లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లు ముప్పై మందిలో ఒక్కరే ప్రాణాలతో మిగిలారు, ఆయన కూడా బందీగా దొరికిపోయారు. నెలాఖరుకు జాఫ్నా పట్టణం మన చేతికి వచ్చింది, పోరాటం అడవుల్లోకి వెళ్లింది. ఒక డివిజన్‌తో మొదలైనది నాలుగు డివిజన్లయింది. మేము వెళ్లేనాటికి పరిస్థితి అది.

ఇంత పెద్ద వ్యవహారం రెండు సంతకాల మీద నిలబడి ఉంది. ఆ సంతకాల్లో ఒకటి పెట్టిన జయవర్ధనే ప్రభుత్వంలోనే ప్రధానిగా ఉన్న రణసింఘె ప్రేమదాస ఆ ఒప్పందాన్ని మొదటి నుంచీ వ్యతిరేకించారు. దక్షిణాన సింహళ ప్రాంతాల్లో భారత సైన్యం ఉనికినే నినాదంగా చేసుకుని జేవీపీ అనే సింహళ వామపక్ష సంస్థ తిరుగుబాటు నడుపుతోంది. అటువంటి వాతావరణంలో 1988 డిసెంబరు 19న అధ్యక్ష ఎన్నిక జరిగింది. భారత సైన్యాన్ని పంపించివేస్తానని చెప్పిన ప్రేమదాస గెలిచి 1989 జనవరి 2న పదవి చేపట్టారు.

ఆ రోజున మాకు కొత్త ఆదేశమేదీ రాలేదు. గస్తీ అలాగే నడిచింది, తెల్లవారకముందే రోడ్ ఓపెనింగ్ పార్టీ మందుపాతరల కోసం దారి వెతుక్కుంటూ అలాగే బయలుదేరింది. మార్పు చిన్న చిన్న సంగతుల్లో కనిపించింది. సమన్వయం కోసం వచ్చే శ్రీలంక అధికారులు కూర్చుని మాట్లాడడం మానేశారు. వచ్చి, కాగితం ఇచ్చి, వెళ్లిపోయేవారు. దుకాణాల దగ్గర జనం మమ్మల్ని చూసి మాటలు ఆపేసేవారు. మే నెలలో, మేము అడవుల్లో వెతుకుతున్న సంస్థ ప్రతినిధులు శ్రీలంక ప్రభుత్వ హెలికాప్టరులో కొలంబో చేరుకుని ప్రేమదాస ప్రభుత్వంతో చర్చలకు కూర్చున్నారు. మా శత్రువు, మాకు ఆతిథ్యం ఇచ్చిన ప్రభుత్వం ఒకే బల్ల దగ్గర కూర్చున్నారన్న మాట రేడియోలో విన్నప్పుడు సిగ్నల్ సెంటరులో ఎవరం మాట్లాడలేదు. ఆ రోజుల్లోనే ప్రేమదాస ప్రభుత్వం ఎల్‌టీటీఈకి ఆయుధాలు కూడా ఇచ్చిందని తర్వాత శ్రీలంకలోనే బయటపడింది.

జూన్ 1న ప్రేమదాస బహిరంగంగా గడువు పెట్టారు. జులై 29 కల్లా, అంటే ఒప్పందానికి సరిగ్గా రెండేళ్లు నిండేసరికి, భారత సైన్యం మొత్తం వెళ్లిపోవాలన్నారు.

ఆ రెండు నెలలను నేను మరచిపోలేను. మీ ప్రశ్నకు అసలు జవాబు ఆ రెండు నెలల్లోనే ఉంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఒక దూరపు పోస్టులో నాలాంటి ఆపరేటర్ ఒకరు ఉండేవారు. ముఖం ఎన్నడూ చూడలేదు, గొంతు మాత్రం బాగా పరిచయం. ఒక సాయంత్రం సిట్‌రెప్ ముగిశాక, నియమానికి విరుద్ధంగా, "ఇరవై తొమ్మిదికి వెళ్లిపోతున్నామా?" అని హిందీలో అడిగారు. వైర్‌లెస్ నెట్ మీద అనవసరమైన మాటలు వద్దని నేను కసిరాను. నియమం ప్రకారం నేను చేసినది సరైనదే. కానీ ఆ ప్రశ్న అడగనివారు ఆ వేసవిలో మా సెక్టారులో ఒక్కరు కూడా లేరు. తేదీ ఒకటి గాలిలోకి వచ్చాక మనిషి మనసు దాని చుట్టూ తిరుగుతుంది. ఇంకో ఇరవై రోజుల్లో వెళ్లిపోయే చోట ప్రాణం ఎందుకు పోగొట్టుకోవాలని జవాను అనుకుంటాడు. వాళ్లు ఎలాగూ వెళ్లిపోతారు కదా, మనం ఎందుకు బయటపడి సమాచారం ఇవ్వాలని గ్రామస్థుడు అనుకుంటాడు. వెళ్లిపోతున్నవాణ్ణి మనమే తరిమామని చూపించుకోవాలంటే ఇప్పుడే దెబ్బ కొట్టాలని శత్రువు అనుకుంటాడు. ముగ్గురి లెక్కా సబబే. ముగ్గురి లెక్కలూ కలిస్తే నష్టపోయేది దారి మీద నడిచే జవాను.

జులై మధ్యలో ఆ పోస్టుకు సామాను తీసుకెళ్తున్న వాహనం కింద మందుపాతర పేలింది. మరణాల సందేశం నా చేతుల మీదుగానే వెళ్లింది. నంబరు, హోదా, పేరు, అతి దగ్గరి బంధువు. ఆ గొంతు పేరు ఏమిటో నాకు మొదటిసారి ఆ సందేశంలోనే తెలిసింది.

గడువు పెట్టినా ఢిల్లీ ఎందుకు వెంటనే ఒప్పుకోలేదు? సైన్యం ఉపసంహరణను తమిళుల భద్రతతోనూ, రాష్ట్ర పరిషత్తుకు అధికారాల బదిలీతోనూ ముడిపెట్టి చూడాలన్నది రాజీవ్ గాంధీ వాదన. అది సాకు మాత్రమే అని నేను అనను. 1988 నవంబరులో ఎన్నికలు జరిపించి, వరదరాజ పెరుమాళ్ ముఖ్యమంత్రిగా ఉత్తర-తూర్పు పరిషత్తును నిలబెట్టింది మన సైన్యం నీడలోనే. మనం లేస్తే అది కూలిపోతుందని అందరికీ తెలుసు. కానీ ఇంకో కారణం కూడా ఉందని నా నమ్మకం. సంతకం పెట్టిన చెయ్యి తన సంతకాన్ని తానే కొట్టివేయలేదు. ఆ ఏడాది చివర లోక్‌సభ ఎన్నికలు ఉన్నాయి. గడువు పెట్టి వెళ్లగొడితే వచ్చేశారనే మాట ఏ ప్రధానికైనా భారమే. అందుకే ఉత్తరాలు, దూతలు, వాదోపవాదాలు అయ్యాక చివరి క్షణంలో రాజీ కుదిరింది. సరిగ్గా జులై 29న ట్రింకోమలి నుంచి కొన్ని వందల మంది ఓడ ఎక్కారు. మిగతా మేమంతా అక్కడే ఉన్నాం. సెప్టెంబరు 18న ఇంకో ఒప్పందం అయింది: 20 నుంచి దాడులు ఆపడం, డిసెంబరు 31 నాటికి ఉపసంహరణ ముగించే ప్రయత్నం చేయడం.

గమనించండి. ఇంకా వి.పి. సింగ్ రాలేదు. అప్పటికే తిరుగు ప్రయాణం నిర్ణయమైపోయింది.

ఆయన రావడం వల్ల ఏమీ మారలేదా అంటే, మారింది. 1987 ఒప్పందం మీద ఆయన సంతకం లేదు, దాన్ని సమర్థించుకోవలసిన అవసరం లేదు. తమిళనాడులో మన సైన్యం శ్రీలంకలో ఉండడాన్ని వ్యతిరేకించిన పార్టీ ఆయన కూటమిలో భాగస్వామి. పరిషత్తును ఎలాగైనా నిలబెట్టాలన్న పట్టుదల ఢిల్లీలో ఇక మిగల్లేదు. గడువు డిసెంబరు నుంచి మార్చి నెలాఖరుకు జరిగింది గానీ, ఈసారి అది నిజమైన గడువని అందరికీ అర్థమైంది. కొత్త నాయకుడు తెచ్చే పెద్ద వెసులుబాటు అదే. పాత నాయకుడికి పరువు సమస్య అయినది ఆయనకు కాదు. 1952లో అమెరికా అధ్యక్షుడిగా ఎన్నికైన ఐసెన్‌హోవర్‌కు కొరియాలో సంధి చేసుకోవడం, అంతకు ముందు అధ్యక్షుడిగా ఉన్న ట్రూమన్ కన్నా తేలికైంది. అక్కడ కూడా రెండో పక్కన మార్పు మరవకూడదు. 1953 మార్చిలో స్టాలిన్ చనిపోయారు, జులైలో సంధి కుదిరింది. రెండు వైపులా పీటముడి వదులైతేనే తాడు విడుతుంది.

మరి ఆలస్యం ఎందుకు? మా నాన్న అనుకున్నట్టు రైలెక్కి వచ్చేయడం కుదరదు. సైన్యంలో దీన్ని డీ-ఇండక్షన్ అంటాం. బయటి పోస్టులను ఒక్కొక్కటిగా మూయాలి. ఏ పోస్టు ముందు మూస్తే దాని పక్క పోస్టుకు దారి తెగిపోతుందో చూసుకోవాలి. రోడ్డును కాపలా కాసే దళం ఆ రోడ్డు మీద ఆఖరి వాహనం వెళ్లేదాకా కదలకూడదు. వెళ్లేకొద్దీ మిగిలేవారు తగ్గిపోతారు, కాపాడుకోవలసిన దారి మాత్రం తగ్గదు. మందుగుండు వదిలి రాకూడదు. ఫిరంగులు, టాంకులు ఓడల్లోనే రావాలి, ఓడలకు రేవు కావాలి. అందుకే తూర్పున అంపారై వంటి ప్రాంతాలు ముందు ఖాళీ చేశాం, పెద్ద రేవున్న ట్రింకోమలి ఆఖరుదాకా మిగిలింది. 1990 మార్చి 24న అక్కడి నుంచే చివరి దళం బయలుదేరింది. నేను అంతకు ఆరు వారాల ముందు వచ్చేశాను. సంక్రాంతి దాటిపోయింది.

స్పెయిన్ సంగతి మీరు విని ఉంటారు. 2004 మార్చిలో ఎన్నికల్లో గెలిచిన జపతేరో ఏప్రిల్‌లో ప్రమాణం చేశారు, మే నెలాఖరుకు ఇరాక్ నుంచి సైన్యం వెనక్కి వచ్చేసింది. మాట ఇచ్చి రెండు నెలల్లో నిలబెట్టుకోవచ్చని దాన్ని ఉదాహరణగా చూపిస్తారు. అక్కడ ఉన్నది 1,300 మంది. పైగా వాళ్లు వెళ్లినా యుద్ధం మోసేవారు వేరే ఉన్నారు. యుద్ధం ఎవరి మెడకు చుట్టుకుని ఉందో వారి పరిస్థితి వేరు. గోర్బచేవ్ 1985 మార్చిలో పదవిలోకి వచ్చారు, అఫ్గానిస్థాన్ నుంచి చివరి సోవియట్ దళం బయటికి వచ్చింది 1989 ఫిబ్రవరి 15న. నిక్సన్ 1969 జనవరిలో అధ్యక్షుడయ్యారు, పారిస్ ఒప్పందం కుదిరింది 1973 జనవరిలో. వియత్నాంలో మరణించిన సుమారు 58,000 మంది అమెరికన్ సైనికుల్లో 20,000 మందికి పైగా ఆయన వచ్చాకే మరణించారు. యుద్ధం ముగిస్తానన్న మాట మీద గెలిచిన మనిషి కాలంలో అంతమంది పోయారు. గౌరవంగా బయటపడాలి అనే ఆ ఒక్క మాట ఎంత ఖరీదైనదో ఈ అంకె చూస్తే తెలుస్తుంది. ఇంకా విచిత్రం, నిక్సన్ గెలవకముందే ఆ ఎన్నిక యుద్ధాన్ని మార్చింది. 1968 నవంబరు మొదట్లో దక్షిణ వియత్నాం అధ్యక్షుడు థియూ పారిస్ చర్చలకు రానని చెప్పేశారు, వచ్చేవారితో మెరుగైన బేరం కుదురుతుందన్న ఆశతో.

ఇక స్థానికుల సంగతి. ఇది రాయడం నాకు కష్టం.

మా దగ్గర దుభాషిగా ఒక తమిళ అబ్బాయి ఉండేవాడు. ఇరవై ఏళ్లు కూడా ఉండవు. ఏ పార్టీ మనిషీ కాదు, ఇంగ్లీషు వచ్చు కాబట్టి, ఇంట్లో పూట గడవాలి కాబట్టి వచ్చాడు. మేము అతనికి మంచి చేశామని గొప్ప చెప్పుకోను. మన సైన్యం చేతుల్లో అమాయకులు చనిపోయారు. 1987 అక్టోబరులో జాఫ్నా ఆసుపత్రిలో వైద్యులు, నర్సులు, రోగులు కాల్పుల్లో చనిపోయారు. ఆ జనం మమ్మల్ని ద్వేషించడానికి కారణం ఉంది. అయినా కొందరు మమ్మల్ని నమ్మారు, భారత్ మాట ఇచ్చింది కదా అనుకున్నారు. జూన్ 1 తర్వాత ఆ అబ్బాయి రోజూ నా దగ్గర కూర్చుని తమిళ వార్తలు వినేవాడు. డిసెంబరులో ఢిల్లీలో ప్రభుత్వం మారిన రోజు మా వాళ్లు సంతోషంగా ఉంటే అతను మాత్రం, "అన్నా, కొత్త ప్రధాని మా గురించి ఏమైనా అన్నారా?" అని అడిగాడు. అనలేదు. ఆ మాట అతనికి చెప్పాను.

పరిషత్తును కాపాడడానికని హడావుడిగా కూడగట్టిన తమిళ నేషనల్ ఆర్మీలో బలవంతంగా చేర్చిన పిల్లలు కూడా ఉన్నారు. మన దళాలు వెనక్కి జరిగిన చోటల్లా ఎల్‌టీటీఈ దాన్ని ఊడ్చిపెట్టింది. పెరుమాళ్, ఆయన పార్టీవారు, వారి కుటుంబాలు కొందరు మార్చిలో భారత్ చేరుకోగలిగారు. మనం వచ్చేసిన మూడు నెలలకే, 1990 జూన్‌లో, ప్రేమదాస ప్రభుత్వానికీ ఎల్‌టీటీఈకీ మధ్య మళ్లీ యుద్ధం మొదలైంది. మమ్మల్ని పంపించడానికి కలిసిన ఇద్దరికీ కలిసి ఉండడానికి వేరే కారణం లేకపోయింది. 1991 మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీని ఎల్‌టీటీఈ చంపింది. 1993 మే 1న కొలంబోలో ప్రేమదాస ఆత్మాహుతి దాడిలో చనిపోయారు. ఆ యుద్ధం 2009 మే దాకా నడిచింది. అంటే మా సైన్యానికి యుద్ధం ముగిసింది, ఆ గడ్డకు ముగియలేదు. నాయకుడు మారితే యుద్ధం ఆగుతుందా అని అడిగేటప్పుడు ఎవరికి ఆగుతుంది అని కూడా అడగాలి.

చివరి దళాన్ని మద్రాసు రేవులో స్వాగతించడానికి తమిళనాడు ముఖ్యమంత్రి వెళ్లలేదు. తమిళులను చంపిన సైన్యానికి స్వాగతం చెప్పలేననేది ఆయన నిలబడిన మాట. అది విన్నప్పుడు మాలో చాలామందికి గుండె కలుక్కుమంది. మేము వెళ్లింది ఒక ప్రభుత్వం పంపితే, వచ్చింది ఇంకో ప్రభుత్వం పిలిస్తే. సుమారు 1,200 మంది తిరిగి రాలేదు. వాళ్లది ఎవరి యుద్ధమో చెప్పుకునేవారు కొంతకాలం లేకుండా పోయారు. నాయకత్వ మార్పు యుద్ధానికి చేసే పనుల్లో ఇది కూడా ఒకటి. పాత నాయకుడి యుద్ధాన్ని కొత్తవారు ముగిస్తారు గానీ, తమదని ఒప్పుకోరు.

మీ రెండో ప్రశ్నలో కొత్త నాయకుల మీద కోపం కనిపించింది. ఆ కోపం సరైనదే, కానీ దాన్ని సరైన చోట పెట్టండి. ఎవరైనా ఎన్నికల్లో సైన్యాన్ని వెనక్కి తెస్తామన్నప్పుడు తేదీ ఎప్పుడని మాత్రమే అడగకండి. తేదీ ప్రకటించిన రోజు నుంచి ఆఖరి ఓడ దాకా ఆ దారులను ఎవరు కాపలా కాస్తారు, ఎంతమందితో? అవతలి రాజధానిలో ఉన్నవారితో ఏ మాట కుదిరింది? మనకు సాయం చేసినవారిలో ఎవరిని వెంట తీసుకువస్తారు? 2021 ఆగస్టులో కాబూల్ విమానాశ్రయం గోడల దగ్గర కాగితాలు పట్టుకుని నిలబడ్డ దుభాషీలను టీవీలో చూసినప్పుడు నేను లేచి పక్క గదిలోకి వెళ్లిపోయాను.

మా బ్రిగేడ్ సామాను జాబితాను ట్రింకోమలికి వైర్‌లెస్‌లో పంపింది నేనే. రెండు రాత్రులు పట్టింది. వాహనాలు, జనరేటర్లు, గుడారాలు, వంట పాత్రలు, ముళ్లతీగ చుట్టలు, ఖాళీ జెర్రీక్యాన్లు కూడా లెక్కలో ఉన్నాయి. ఆ అబ్బాయి పేరు అందులో లేదు. రెండో రాత్రి అతను నా పక్కనే కూర్చుని, నేను చదువుతున్న అంకెలకు కాగితం మీద టిక్కులు పెడుతూ సాయం చేశాడు.